ప్రార్థన మానవద్దు, మాత్ర మానవద్దు



ఈసారి ఒక తల్లి మమ్మల్ని అడిగిన ప్రశ్నతో మొదలుపెడుతున్నాము. ఆమె ఆదోని వైపు ఒక పల్లె నుండి కొడుకును వెంటబెట్టుకొని ఓ.పి.కి వచ్చింది. అతనికి అంతకు కొన్ని నెలల ముందే క్షయ, అంటే టి.బి. ఉన్నట్లు తేలింది. మాత్రలు మొదలుపెట్టారు. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, ఒంటికి కాస్త కండ పట్టింది. ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. బంధువులు వచ్చారు, పాటలు పాడారు, ప్రార్థన చేశారు. ఆ రాత్రి నుండి మాత్రలు డబ్బాలో వేసి మూత పెట్టారు. మూడు నెలల తరువాత మళ్ళీ దగ్గు వచ్చింది. ఈసారి కళ్ళెలో రక్తం కూడా పడింది.

"మాత్రలు ఎందుకు ఆపినారమ్మా?" అని అడిగాము. ఆమె తలవంచుకొని నెమ్మదిగా అన్నది: "సిస్టరమ్మా, దేవుని నమ్మితిమి, ప్రార్థన చేస్తిమి. బాగైనాక ఇంగా మాత్రలు మింగితే మాకు నమ్మకం లేనట్లే కదా?"

"ప్రార్థన ప్రార్థనే, మందు మందే అమ్మా" అని మాలో ఒకరు అన్నారు. ఆ జవాబు ఆమెకు చాలలేదు. నిజం చెప్పాలంటే మాకూ చాలలేదు. ఆమె మొండితనంతో మందు మానలేదు. దేవుని అవమానపరుస్తానేమో అన్న భయంతో మానింది. ఇలాంటి భయం మన సంఘాల్లో ఇంకా ఎన్నో ఇళ్ళలో ఉన్నది. అందుకే ఆమె ప్రశ్నకు ఈ పుటల్లో నిదానంగా జవాబు చెప్పాలనుకున్నాము.

విధవరాలు ఇంట్లో కూర్చోలేదు

పట్టుదలగల ప్రార్థన అనగానే మనకు లూకా సువార్త 18వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. ఒక ఊరిలో దేవునికి భయపడని, మనుష్యులను లెక్కచేయని న్యాయాధిపతి ఉన్నాడు. అదే ఊరిలో ఒక విధవరాలు ఉన్నది. ఆమెకు డబ్బు లేదు, పలుకుబడి లేదు, సిఫారసు చేసేవారు లేరు. ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే. మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. చివరికి ఆమె రాకపోకలకు విసిగి ఆ న్యాయాధిపతి న్యాయం తీర్చాడు.

ఈ ఉపమానంలో రెండు సంగతులు గమనించండి. మొదటిది, దేవుడు ఆ న్యాయాధిపతి వంటివాడు కాడు. అంతటి కఠినుడే కదిలితే, ప్రేమగల తండ్రి తన పిల్లల మొర ఎందుకు వినడు అన్నదే ప్రభువు చెప్పిన మాట. కాబట్టి దేవుణ్ణి విసిగించి పని చేయించుకోవడానికి కాదు మన పట్టుదల. రెండవది, ఆ విధవరాలు ఇంట్లో కూర్చొని న్యాయం తన గడపకు రావాలని ఎదురుచూడలేదు. రోజూ లేచి నడిచింది. ఆమె విశ్వాసం ఆమె కాళ్ళలో కనబడింది.

ఏడవసారి కనబడిన మేఘం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఉండే మనకు ఏలీయా సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు. మనం ఆకాశం వంక చూస్తూ బ్రతికేవాళ్ళం. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు అందే పొలాలు కొన్నే. మిగిలిన పత్తి, వేరుశనగ అంతా వాన మీదనే. విత్తనం వేసి మబ్బు కోసం చూసిన రైతు మనసు ఎట్లుంటుందో మన సంఘంలో చాలామందికి తెలుసు.

మూడు సంవత్సరాల కరువు తరువాత ఏలీయా కర్మెలు కొండ ఎక్కి, నేలకు వంగి ప్రార్థించాడు. సముద్రం వైపు చూసి రమ్మని తన పనివానిని పంపాడు. అతడు వెళ్ళి చూసి, ఏమీ లేదన్నాడు. మళ్ళీ పంపాడు. అలా ఆరుసార్లు ఆకాశం ఖాళీగానే ఉన్నది. ఏడవసారి మనిషి చెయ్యంత చిన్న మేఘం కనబడింది. ఇది రాజుల మొదటి గ్రంథం 18వ అధ్యాయంలో ఉన్నది.

ఆరవసారి "ఇంక చాలు" అనుకొని కొండ దిగి ఉంటే? లేక అరచేతి మేఘం కనబడగానే "వాన వచ్చేసింది" అని పడుకొని ఉంటే? ఏలీయా రెండూ చేయలేదు. చిన్న మేఘం కనబడగానే, వాన అడ్డుపడకముందే రథం సిద్ధం చేసుకొని వెళ్ళమని రాజుకు కబురు పంపాడు. రెండు నెలల మాత్రలతో దగ్గు తగ్గడం ఆ అరచేతి మేఘం వంటిది. అది మంచి గుర్తు. దానికి స్తోత్రం చెప్పవలసిందే. అయితే అది వాన కాదు. వాన ఇంకా రావలసి ఉన్నది.

కొండమీద ఐదుగురు

బైబిలు కాలం సరే, మన తెలుగు నేలమీద ఇలాంటిది జరిగిందా అని కొందరు అడుగుతారు. జరిగింది. ఒంగోలుకు వెళ్ళినవారు అక్కడి ప్రార్థన కొండను చూసి ఉంటారు.

అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టింది. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవారు కొద్దిమందే. ఈ పని మూసివేద్దామా అని 1853లో అమెరికాలో పెద్దలు చర్చించుకున్నారు. ఆ సమయంలోనే 1854 జనవరి 1న తెల్లవారక ముందు, ఒంగోలు పక్కనున్న కొండమీదికి ఐదుగురు ఎక్కారు. లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. చివరి ముగ్గురూ మన తెలుగువారే. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు.

ఆ సేవకుడు మరునాడు రాలేదు. మరుసటి సంవత్సరమూ రాలేదు. 1862లో జూయెట్ గారు ఆరోగ్యం చెడి అమెరికా వెళ్ళినప్పుడు, తెలుగు మిషను మూసివేసే మాట మళ్ళీ లేచింది. ఎవరు వెళ్ళకపోయినా తాను తిరిగి వెళ్తానని ఆయన పట్టుబట్టారు. 1865లో జాన్ ఎవరెట్ క్లౌ గారు మన దేశానికి వచ్చారు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. కొండమీద ప్రార్థనకూ ఆయన ఒంగోలు చేరడానికీ మధ్య పన్నెండేళ్ళు గడిచాయి.

తరువాత 1876 నుండి 1878 వరకు మహా కరువు వచ్చింది. ధాత కరువు అని పెద్దలు చెప్పుకునేది అదే. అప్పటి బళ్ళారి, కర్నూలు జిల్లాలు ఆ కరువులో దారుణంగా దెబ్బతిన్నాయి. మన ఆదోని ఆ రోజుల్లో బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. ఆ కరువులో క్లౌ గారు ప్రార్థించి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. అన్నం కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని ఆ కాలమంతా బాప్తిస్మములు ఆపివేశారు. సహాయపు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

మనం ఈ కథ చెప్పుకునేటప్పుడు 2,222 అన్న సంఖ్య దగ్గర ఆగిపోతాము. మేము మీకు చూపించదలచినది నడుమనున్న పన్నెండేళ్ళు. ఆ ఏళ్ళలో గొప్ప సంగతి ఏదీ కనబడలేదు. అయినా వారు ప్రార్థన మానలేదు, పనీ మానలేదు. ప్రార్థనకు జవాబు వచ్చినప్పుడు కూడా అది ఒక మనిషి రూపంలో, పార పట్టిన చేతుల రూపంలో, రోజుకూలి రూపంలో వచ్చింది.

ఆరోగ్యవరంలో ఎదురుచూసినవారు

ఇప్పుడు క్షయ దగ్గరికి వద్దాము. మన రాయలసీమలోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉన్నది. అనేక మిషనులు కలిసి క్షయ రోగుల కోసం కట్టిన శానిటోరియం అది. 1915లో తెరిచారు. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారు దాని మొదటి పెద్ద డాక్టరు.

ఆ రోజుల్లో క్షయ క్రిమిని చంపే మందు లేదు. క్రిమిని రాబర్ట్ కాక్ గారు 1882లోనే కనుగొన్నారు గాని, మందు దొరకలేదు. రోగులకు ఇవ్వగలిగినది విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారం. నెలల తరబడి, కొందరు సంవత్సరాల తరబడి మంచంమీదనే ఉండేవారు. ఇళ్ళకు దూరంగా, పిల్లలకు దూరంగా. కొందరు బాగై వెళ్ళారు. చాలామంది వెళ్ళలేకపోయారు. అలాంటి వార్డుల్లో రాత్రులు ఎలాంటి ప్రార్థనలు జరిగి ఉంటాయో ఊహించండి. "ప్రభువా, ఈ రోగానికి ఒక మందు చూపించు" అని ఎన్ని నోళ్ళు అడిగి ఉంటాయి!

1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. 1952లో ఐసోనియాజిడ్ వాడకంలోకి వచ్చింది. 1960లలో రిఫాంపిసిన్ వచ్చింది. మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధనా కేంద్రం, శానిటోరియంలో ఉంచి మందు ఇచ్చినా, ఇంటి దగ్గర ఉంచి ఇచ్చినా ఫలితం ఇంచుమించు సమానమేనని 1959లో నిరూపించింది. అందుకే ఈరోజు మన బిడ్డ ఇల్లు విడిచి, ఏళ్ళ తరబడి ఆసుపత్రి మంచంమీద ఉండనక్కరలేదు.

ఆ తల్లికి మేము చెప్పదలచిన జవాబు ఇదే. అమ్మా, నీ కొడుకు చేతిలోని మాత్ర విశ్వాసానికి విరోధి కాదు. నీకు ముందు ఎందరో తల్లులు కన్నీళ్ళతో అడిగి, చూడకుండానే వెళ్ళిపోయిన జవాబు అది. దాన్ని డబ్బాలో పెట్టి మూత వేయవద్దు. స్తోత్రం చెప్పి మింగించు.

అంజూరపు పండ్ల ముద్ద

ఇది మా సొంత మాట అనుకుంటారేమో. రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయం చదవండి. హిజ్కియా రాజుకు మరణకరమైన రోగం వచ్చింది. అతడు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు అతని కన్నీళ్ళు చూసి ఇంకా పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని యెషయా ద్వారా కబురు పంపాడు. ఆ వెంటనే యెషయా ఏమి చేశాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు.

దేవుని వాగ్దానం ముందే వచ్చింది. అయినా ముద్ద వేశారు. వేసినందుకు హిజ్కియాకు నమ్మకం లేదని ఎవరూ అనలేదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడన్న సంగతీ మరువవద్దు.

ఆరు నెలల పట్టుదల

మామూలు క్షయకు వైద్యం ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు రకాలు, ప్రతిరోజూ మింగాలి. మొదటి వారాల్లోనే చాలా క్రిములు చస్తాయి. అందుకే రోగికి బాగున్నట్లు అనిపిస్తుంది. కాని కొన్ని క్రిములు నిద్రపోతున్నట్లు ఊపిరితిత్తుల్లో దాగి ఉంటాయి. వాటిని చంపడానికే మిగిలిన నెలలు. మధ్యలో మానితే అవి మళ్ళీ లేస్తాయి. కొన్నిసార్లు పాత మందుకు లొంగనంతగా మొండికేస్తాయి. అప్పుడు వైద్యం ఇంకా కష్టం. ఇంట్లో పిల్లలకు అంటుకునేదీ ఆ మొండి క్రిమే.

కాబట్టి ఈ సంగతులు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి:

1. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం ఉంటే ఆలస్యం చేయక కళ్ళె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం.

2. మాత్రలు మొదలైన తరువాత మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. అది మందు రంగు, రక్తం కాదు. భయపడి మానవద్దు.

3. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు తీర్మానం చేసుకోవద్దు.

4. ఇంట్లో మిగిలినవారికి, ముఖ్యంగా చిన్న పిల్లలకు పరీక్ష చేయించండి. రోగం లేని పిల్లలకు అది రాకుండా కాపాడే మందు ఉన్నది.

5. మంచి ఆహారం కోసం ప్రభుత్వం రోగి బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తున్నది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఈ సహాయం 2024 నవంబరు నుండి 1,000 రూపాయలైంది. అది గుడ్లకు, పప్పుకు, పాలకు ఖర్చు పెట్టండి.

6. మధ్యలో మానివేసినవారు సిగ్గుపడి దాగవద్దు. పాత మాత్రలు వెదికి మళ్ళీ మింగవద్దు. ఆసుపత్రికి రండి. మళ్ళీ పరీక్ష చేసి సరియైన మందు ఇస్తారు. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తిట్టరు.

ఇంకొక మాట మన ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెప్పాలి. పంట లేని నెలల్లో ఎన్నో కుటుంబాలు మూటలు కట్టుకొని సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకోతకు, పత్తి తీయడానికి బండెక్కుతాయి. చాలామంది మాత్రలు ఆగిపోయేది అక్కడే. వెళ్ళే ముందు మాకు గాని, మీ ఊరి ఆశా కార్యకర్తకు గాని చెప్పండి. మీరు వెళ్ళే చోటనే మందు అందేలా పేరు మార్పించవచ్చు. ఎమ్మిగనూరు మగ్గం ఇళ్ళవారికి కూడా ఒక మనవి. గాలి ఆడని గదిలో అందరూ కలిసి పడుకోకుండా కిటికీ తెరిచి ఉంచండి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి.

మా సలహా ఒకటి పాటించి చూడండి. కుటుంబ ప్రార్థన వేళనే మాత్ర వేళగా పెట్టుకోండి. గోడ మీద క్యాలెండరు తగిలించి, ప్రార్థన అయ్యాక మాత్ర మింగి, ఆ తేదీమీద ఒక గీత పెట్టండి. ఇంట్లో చిన్నపిల్లకు ఆ గీత పెట్టే పని అప్పగించండి. ఒక్కరోజు కూడా మరువనివ్వదు!

పాస్టరుగార్లకు, స్త్రీల మైత్రి సహోదరీలకు మా విన్నపం: రోగి ఇంటికి ప్రార్థనకు వెళ్ళినప్పుడు "మాత్ర వేసుకున్నావా?" అని కూడా అడగండి. మా మాట కంటే మీ మాట వారి ఇంట్లో ఎక్కువ చెల్లుతుంది.

జవాబు మనం అడిగినట్లు రానప్పుడు

ఒక కష్టమైన మాట దాచకుండా చెప్పాలి. ప్రార్థన మానలేదు, మందు మానలేదు, అయినా ఇంటివారిని పోగొట్టుకున్న కుటుంబాలు మన సంఘంలో ఉన్నాయి. వారితో "మీ విశ్వాసం చాలలేదు" అని అనేవారూ ఉన్నారు. దయచేసి ఆ మాట ఎవరూ అనవద్దు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. దాన్ని మోయడానికి చాలినంత కృప దొరికింది. పౌలు విశ్వాసం తక్కువదని ఎవరు అనగలరు? గెత్సేమనేలో ప్రభువు కూడా ఒకే ప్రార్థన మూడుసార్లు చేసి, చివరకు తండ్రి చిత్తానికి అప్పగించుకున్నాడు.

పట్టుదలగల ప్రార్థన అంటే మన మాట నెగ్గించుకోవడం కాదు. జవాబు కనబడని రోజున కూడా తండ్రి చెయ్యి వదలకపోవడం. రోగి మంచం పక్కన రాత్రంతా కూర్చున్న తల్లికి ఇది మేము నేర్పనక్కరలేదు. ఆమె నుండే మేము నేర్చుకుంటున్నాము.

మొదట చెప్పిన ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాము. మొండి క్రిమి ఉన్నదేమో అని కొడుకు కళ్ళె మళ్ళీ పరీక్షకు పంపాము. దేవుని దయవలన మందుకు లొంగే క్రిమియే అని తేలింది. వైద్యం మొదటి నుండి మళ్ళీ మొదలైంది. ఈసారి ఆమె మాత్రలను బైబిలు పక్కన పెట్టుకుంది. ప్రతి నెలా వచ్చేటప్పుడు గీతలు పెట్టిన క్యాలెండరు కాగితం మడిచి కొంగున కట్టుకొని తెచ్చి చూపించేది. ఆరవ కాగితం తెచ్చిన రోజున చివరి పరీక్షలో క్రిమి కనబడలేదు. "ఇప్పుడు కూడిక పెట్టుకుంటాము సిస్టరమ్మా, మీరూ రావాల" అన్నది. వెళ్ళాము.

మీ ఇంట్లో సగంలో ఆగిన మాత్రల డబ్బా ఉన్నదా? సగంలో ఆగిన ప్రార్థన ఉన్నదా? ఈ రాత్రే రెండింటినీ దేవుని ముందు పెట్టండి. రేపు ఉదయం మా దగ్గరికి రండి.

శాంతికర్తయగు దేవుడు మీ ఇంటిల్లిపాదికి ఆరోగ్యమును, ఓర్పును దయచేయును గాక. ఆమేన్.